ఎస్టిల్ నేపియర్ కుడి జేబు

బెంట్ లిక్ లోయలో బడికి వెళ్ళినవాళ్ళందరూ ఎస్టిల్ నేపియర్ బస్సులో వెళ్ళినవాళ్ళే. వాగు పక్కన ఒంటి దారి. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు. ఆ మలుపుల్లో కలిగినవాళ్ళ పిల్లలూ లేనివాళ్ళ పిల్లలూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకునేవాళ్ళు. ఎవరింట్లో పిల్ల ఇంకా జడ వేయించుకుంటోందో, ఎవరింట్లో పొద్దున పొయ్యి వెలగలేదో ఎస్టిల్ స్టీరింగ్ దగ్గర కూర్చునే కనిపెట్టేవాడు. సీటు కింద అట్టపెట్టెలో ఆయన భార్య ఒలీటా అల్లిన ఉన్ని చేతి తొడుగులూ, మాంసం ముక్క పెట్టి కాగితంలో చుట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెలూ ఉండేవి. ఆకలితో ఉన్న పిల్లకి ఊరికే ఇస్తే సిగ్గుపడుతుంది కదా. అందుకని, "ఒలీటా ఇవాళ ఉప్పు ఎక్కువేసినట్టుంది, కాస్త తిని చెప్పమ్మా" అని ఇచ్చేవాడు. ఆ పిల్ల తిని, చాలా గంభీరంగా, "లేదు మామా, సరిపోయింది" అని చెప్పేది.

డ్రైవరు కళ్ళు దారి మీదే ఉండాలి. అందుకని ఆయనకు పిల్లలు ముఖాలకంటే గొంతులతోనే ఎక్కువ తెలుసు. వెనక సీట్లో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఏడిపించారో తల తిప్పకుండా చెప్పేవాడు. వాళ్ళు పెద్దవాళ్ళై, గొంతులు మారి, పెళ్ళిళ్ళై వచ్చినా సరే, చర్చిలో వెనకనుంచి ఎవరైనా పలకరిస్తే పేరు పెట్టి జవాబిచ్చేవాడు.

బస్సు నడపడం మానేసి ఇంటి పట్టున ఉండటం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ఒలీటా నడుము నొప్పి అంది. అది నడుము నొప్పి కాదు. జబ్బు ఎముకల్లోకి పాకేదాకా ఎవరికీ తెలియలేదు. ఆమె నొప్పికి పెద్ద డాక్టరు రాసే బిళ్ళలు నెలకోసారి టౌనులో మందుల షాపుకు వెళ్ళి, సంతకం పెట్టి తెచ్చుకోవాలి. పోతే పోయినట్టే. నెల తిరిగేదాకా మళ్ళీ ఇవ్వరు, ఎవరి ఏడుపూ వినరు. అలా వినకపోవడానికి కారణం మా లోయలో అందరికీ తెలుసు. బొగ్గు గనుల్లో నడుములు విరిగినవాళ్ళకి ఆ బిళ్ళలే ఇచ్చారు. నడుములు బాగుపడలేదు గానీ బిళ్ళలు మాత్రం వదల్లేదు. తండ్రుల నుంచి కొడుకులకీ, కొడుకుల నుంచి కోడళ్ళకీ పాకి, ఇళ్ళకిళ్ళు గుల్ల చేశాయి. ఎవరింట్లో జబ్బు మనిషి ఉందో, ఆ ఇంటాయన ఏ రోజు టౌనుకు వెళతాడో లెక్క చూసుకుని కూర్చునేవాళ్ళు తయారయ్యారు.

డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసి, పోయిందనుకున్న చలి మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగొచ్చే రోజులవి. ఎస్టిల్ టౌనుకు వెళితే నేను ఒలీటా దగ్గర కూర్చునేదాన్ని. మా ఇల్లు వాళ్ళకి వాగు అవతల. ఆ రోజు ఆయన తిరిగి వస్తుంటే పల్లపు వంతెన దగ్గర దారికి అడ్డంగా ఒక కొమ్మ పడి ఉంది. దారిలో కొమ్మ పడితే దిగి పక్కకి లాగి వెళ్ళడం మా వైపు మర్యాద. వెనక వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదు కదా. దిగాడు. వంగాడు. వెనకనుంచి ఎవరో ఒక్క తోపు తోశారు. కంకర మీద బోర్లా పడితే, చొక్కా జేబులోంచి మందుల సంచి లాగేసుకున్నారు. తల తిప్పి చూస్తే, ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి అప్పటికే గట్టు ఎక్కుతున్నాడు. ఎక్కుతూ ఎక్కుతూ అన్నాడట, "క్షమించు ఎస్టిల్ మామా."

ఇంటికి వచ్చి వంటింట్లో నీళ్ళ కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అరచేతుల్లో కంకర దిగింది. మంచం మీద నుంచి ఒలీటా తలుపులోంచి ఆయన్నే చూస్తోంది.

"ఎవరు?" అంది.

"ముఖం కనపడలేదు," అన్నాడు ఎస్టిల్.

షెరీఫ్ దగ్గరనుంచి వచ్చిన పోలీసుకీ అదే చెప్పాడు. ముఖం కనపడలేదు. అది అబద్ధం కాదు.

ఆ తర్వాత ఒలీటా పడిన బాధ నేను రాయను. తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకునేది అని మాత్రం రాస్తాను. చేయగలిగిన సాయం అంతా మా వాళ్ళు చేశారు. ఒకరు బీన్సు ఉడకబెట్టి మొక్కజొన్న రొట్టెతో పంపారు, ఒకరు కట్టెలు కొట్టి పేర్చి వెళ్ళారు. పాస్టరు పొద్దునా సాయంత్రం వచ్చి మోకరించాడు. వాగు పైన ఉండే వెర్లన్ గిల్లీ, గనిలో పని చేసి మోకాళ్ళు అరిగిపోయిన పెద్దాయన, ఎవరూ పిలవకుండానే సుత్తి పట్టుకొచ్చి ఎస్టిల్ వాళ్ళ వసారా మెట్టు బాగుచేశాడు. పనంతా అయ్యేదాకా తల ఎత్తలేదు, కాఫీ ఇస్తే తాగలేదు. పెద్దతనం వచ్చి మాట తగ్గింది అనుకున్నాం. అందరూ అన్నీ తెచ్చారు గానీ, ఆమెకు కావలసింది మాత్రం ఎవరూ తేలేకపోయారు.

మళ్ళీ బిళ్ళలు తెచ్చుకునే రోజు దగ్గరపడుతుండగా ఒలీటా తమ్ముడు టాల్మేజ్ వచ్చాడు. టాల్మేజ్‌కి నోరెక్కువ, ప్రేమా ఎక్కువే. ఏది ముందు బయటికొస్తుందో చెప్పలేం. వసారాలో ఎస్టిల్ పక్కన కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర చిక్కుళ్ళు ఒలుస్తున్నాను.

"బావా, చెయ్యి చాపు."

"ఏంట్రా, పాము పిల్లా?"

"పామే. కాకపోతే ఇది చెప్పిన మాట వింటుంది."

అరచేతిలో సరిపోయే చిన్న పిస్తోలు, దానికి మెత్తటి తోలు ఒర. ఎస్టిల్ దాన్ని చూశాడు గానీ చెయ్యి మూయలేదు.

"కుడి జేబు ఇకనుంచి దీనిది," అన్నాడు టాల్మేజ్. "నీ చాకు, నీ తాళాలు, ఆ ముక్కు తుడుచుకునే గుడ్డ, అన్నీ ఎడమ జేబుకి మార్చెయ్. ఒక్కటి కూడా దీంతోపాటు ఉండకూడదు. తాళం చెవి లోపల చిక్కుకుందనుకో, ఒలీటా మొగుడు తన కాలు తనే కాల్చుకున్నాడని లోయంతా నవ్వుతుంది."

"నాకు తుపాకీ కొత్తట్రా?"

"తుపాకీ కొత్త కాదు. మనిషి కొత్త. నువ్వు ఉడతల్ని కొట్టేవాడివి."

నిజమే. మా వైపు తుపాకీ లేని ఇల్లు లేదు. ఎస్టిల్ ఇంట్లోనూ తలుపు పైన రెండున్నాయి, చలికాలం మాంసం వాటి పుణ్యమే. జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళకీ లోటు లేదు. దాన్ని ఎవరూ వింతగా చూడరు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. అయినా ఎస్టిల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

"తలుపు పైనున్నవి ఉడత కోసం, జింక కోసం," అన్నాడు కాసేపటికి. "ఇది ఎవరి కోసంరా?"

"నిన్ను తోసినవాడి కోసం."

"వాడెవడో తెలియదుగా."

"తెలియకపోతేనే సుఖం బావా. తెలిసినవాడైతే చెయ్యి వణుకుతుంది."

 లోపలి నుంచి ఒలీటా గొంతు వినపడింది. గట్టిగా మాట్లాడి చాలా రోజులైన గొంతు.

"తీసుకో ఎస్టిల్."

ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. "ఒలీటా..."

"నేను మంచిదాన్ని అనిపించుకునే ఓపిక లేదు నాకు. తీసుకో."

మర్నాడు ఆమె నన్ను సూదీదారం అడిగింది. ఎస్టిల్ ప్యాంటు తెప్పించుకుని, పాత జీన్స్ గుడ్డ ముక్క కత్తిరించి, కుడి జేబు లోపల మందంగా అస్తరు వేసింది. నాలుగు కుట్లు వేసి ఆగేది, కళ్ళు మూసుకునేది, మళ్ళీ నాలుగు. నేను వేస్తానంటే ఇవ్వలేదు. "ఆయన జేబులు ఎప్పుడూ నేనే కుట్టాను," అంది.

ఎస్టిల్ ప్రార్థన చేశాడు. జవాబు రాలేదని తర్వాత నాతో చెప్పాడు. రాకపోయినా, టౌనుకు వెళ్ళే రోజున లేచి చాకూ తాళాలూ ఎడమ జేబుకి మార్చుకున్నాడు.

అప్పటినుంచి ఆయన నడకే మారిపోయింది. ఒక పక్క బరువు మోస్తున్న మనిషిలా కొంచెం ఒరిగి నడిచేవాడు. కుర్చీలో కూర్చుంటే కుడికాలు చాపి కూర్చునేవాడు. మా దారిలో బండి మీద ఎదురైనవాళ్ళకు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరించడం అలవాటు. శత్రువైనా సరే, వేలు ఎత్తుతాం. నడిచి వెళ్ళేవాళ్ళుంటే ఆపి ఎక్కించుకుంటాం. ఎస్టిల్ ఆపడం మానేశాడు. ముసలి రెస్సీ, కోళ్ళ దాణా మూట చంకలో పెట్టుకుని నడుస్తుంటే పక్కనుంచే వెళ్ళిపోయాడు. ఆ ముసలావిడ ఆ వారమంతా అందరితో, "ఎస్టిల్‌కి చూపు తగ్గింది పాపం, ఇంట్లో కష్టం, కంటికి అద్దాలు మార్పించుకునే తీరికెక్కడుంది" అని జాలిపడింది. ఆవిడకి ఇంకో కారణం తట్టనే లేదు.

ఆ మొదటి రోజే టౌనులో మందులు తీసుకుని, బండిలో పెట్రోలు పోయించుకుందామని ఆగాడట. పంపు దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి ఒక గొంతు, "మామా, ఒలీటా అత్తకెలా ఉంది?"

ట్రాయ్. వెర్లన్ గిల్లీ కొడుకు. చిన్నప్పుడు బస్సులో డ్రైవరు సీటుకి సరిగ్గా వెనక కూర్చుని, ఎదురొచ్చే ప్రతి బొగ్గు లారీ ఎవరిదో అరిచి చెప్పేవాడు. పెద్దయ్యాక గనిలో పైకప్పు రాయి జారి వాడి నడుము మీద పడింది. తర్వాత కథ లోయలో అందరి కథే. చొక్కా వాడి ఒంటి మీద కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది.

"నేను తిరగకముందే నా చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది చెల్లెమ్మా," అన్నాడు ఎస్టిల్ నాతో. "వెళ్ళమని నేను చెప్పలేదు. నేను 'నీ నడుమెలా ఉందిరా' అందామనుకుంటున్నా. నోరింకా తెరవలేదు, చెయ్యి వెళ్ళి దాని పిడి పట్టుకుని కూర్చుంది. వాడు నా చెయ్యి వైపు చూశాడు. చూసి, నా ముఖం చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, 'అత్తని అడిగానని చెప్పు' అని వెళ్ళిపోయాడు."

బిళ్ళలు క్షేమంగా ఇంటికి వచ్చాయి. ఒలీటా ఆ మధ్యాహ్నం నిద్రపోయింది. ఎన్నాళ్ళకో పెదాలు విప్పారి, పసిపిల్లలా నిద్రపోయింది. ఆమెను చూస్తే నాకే ఆ పిస్తోలు మీద కృతజ్ఞత కలిగింది. దేవుడు నన్ను క్షమించాలి.

మా సంఘంలో ఏడాదికోసారి, ఎండాకాలంలో, పాదాలు కడిగే ఆదివారం వస్తుంది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన రాత్రి గుర్తుకి. ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం అయ్యాక మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు బల్లలు ఎదురెదురుగా జరుపుకుంటారు. కోట్లు విప్పి నడుముకి తువ్వాలు కట్టుకుంటారు. ఎవరి పాదాలు ఎవరు కడగాలని ముందుగా ఏమీ అనుకోరు. మనసుకు తోచినవాళ్ళు లేచి, బేసిన్ తీసుకుని, తమకు తోచినవాళ్ళ ముందుకి వెళ్ళి మోకరిస్తారు. కడిగించుకున్నవాళ్ళు మళ్ళీ వాళ్ళకి కడుగుతారు. అప్పటిదాకా మాటల్లేని ఇళ్ళ మధ్య ఎన్నోసార్లు ఆ బేసిన్ దగ్గరే మాటలు కలిశాయి.

ఆ రోజు ఎస్టిల్ పిస్తోలు బండిలో వదిలి రావలసింది. వదలలేదు. ఆరాధన సమయంలో ఇళ్ళు దోచుకోవడం మొదలైంది, మనుషులు ఉండరని దొంగలకి తెలుసు కాబట్టి. అందుకని బిళ్ళలు ఇంట్లో, మంచం పట్టిన ఒలీటా దగ్గర ఉంచడానికి భయపడి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. బిళ్ళలున్న చోట పిస్తోలు ఉండాలి కదా. తీరా లోపలికి వచ్చి కూర్చున్నాక, కోటు విప్పేటప్పుడు అది బయటికి కనపడుతుందని తట్టింది. అప్పటికి పాట అందుకున్నారు. సంఘ పెద్ద ఒక చరణం చదివినట్టు చెప్పడం, మిగతా అందరం దాన్ని సాగదీసి పాడటం. మా పాటల్లో వాయిద్యాలుండవు. ఆ పాట నడుస్తుండగా లేచి బయటికి పోవడం మర్యాద కాదు. తువ్వాలు జేబు మీదుగా కప్పి కట్టుకుని కూర్చున్నాడు.

వెర్లన్ గిల్లీ లేచాడు. బేసిన్‌లో నీళ్ళు తొణుకుతుండగా, అరిగిన మోకాళ్ళతో, బల్లలన్నీ దాటుకుంటూ వచ్చి ఎస్టిల్ ముందు మోకరించాడు.

వాళ్ళేం మాట్లాడుకున్నారో ఆ రోజు మాకు వినపడలేదు. వెర్లన్ ఒక పాదం కడగడం, రెండో పాదం కడగడం, వేళ్ళ సందుల్లో తుడవడం చూశాం. తర్వాత ఆయన లేవబోయాడు. ముసలి మోకాళ్ళవాళ్ళు మా చర్చిలో ఎలా లేస్తారో అలాగే, కూర్చున్నవాడి తొడ మీద చెయ్యి వేసి, దాని మీద బరువు మోపి. సగం లేచి, ఆగిపోయాడు.

ఆయన అరచేయి కుడి జేబు మీద పడింది.

గని మనిషి చేతికి ఇనుము కొత్త కాదు. ఇక లేవలేదు. మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగి, తల ఎత్తకుండానే అడిగాడట.

"ఇది మావాడి కోసమేనా ఎస్టిల్?"

"నాకు అబద్ధం రాలేదు చెల్లెమ్మా," అన్నాడు ఎస్టిల్ తర్వాత. "అందరికీ చెప్పినట్టు ముఖం కనపడలేదు అందామనుకున్నాను. ఆయన నా పాదం పట్టుకుని ఉన్నాడు. అవునన్నా, అన్నాను."

వెర్లన్ తువ్వాలుతో ఎస్టిల్ మడమ మళ్ళీ తుడిచాడు, అంతకుముందే తుడిచినదాన్నే.

"నీ సంచి మా పొయ్యిలో దొరికింది. సగం కాలింది. ఒలీటా పేరు కాలలేదు. సుత్తి పట్టుకుని మీ ఇంటికొచ్చాను గానీ చెప్పడానికి నోరు రాలేదు."

"వదిలెయ్ అన్నా."

"నా జేబు కూడా చూడు," అన్నాడు వెర్లన్.

ఎస్టిల్ చూశాడు. ముసలాయన నడుముకి కట్టుకున్న తువ్వాలు కింద, కుడివైపు, అదే ఆకారం.

"వాళ్ళమ్మ కమ్మలు పట్టుకుపోయిన రాత్రి నుంచీ పెట్టుకుంటున్నాను. నా కొడుకుని తలుచుకుని నా జేబు తడుముకుంటాను. ఇప్పుడు నువ్వూనా." మళ్ళీ అన్నాడట, "నీది నువ్వు ఉంచుకో తమ్ముడూ. తీసెయ్యమని నిన్ను అడిగే ముఖం నాకు లేదు. ఒలీటా బాధ నాకు తెలుసు."

తర్వాత ఎస్టిల్ మోకరించాడు. వెర్లన్ పాదాలు కడిగాడు. బొగ్గు మరకలు చర్మంలోకి ఇంకిపోయిన నీలి పాదాలు. కడుగుతున్నంతసేపూ జేబులోది తొడకి గుచ్చుకుంటూనే ఉందట. తన ప్యాంటు మీద, జేబు చోట, వెర్లన్ తడి అరచేయి ముద్ర అయిదు వేళ్ళతో సహా పడి ఉంది. పాట అయ్యేదాకా అది ఆరలేదు.

అందరూ బయట చెట్ల కింద భోజనాలకి కూర్చుంటే, ఎస్టిల్ తన పికప్‌లో ఒక్కడే కూర్చుని తూటాలు తీసేశాడు. నేను ఆయనకి పళ్ళెంలో కోడి వేపుడూ తీపి టీ తీసుకెళితే ఆ తూటాలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. అప్పుడే నాకిదంతా చెప్పాడు.

"మరి ఒలీటాకి ఏం చెబుతావన్నయ్యా?" అన్నాను.

"వాడు దొంగే. మళ్ళీ రావచ్చు. అది నాకు తెలుసు. కానీ ఆ రోజు నా చెయ్యి నాకు చెప్పకుండా వెళ్ళింది. అలాంటి చేతిని నమ్మి దీన్ని జేబులో పెట్టుకోలేను."

ఇంటికి వెళ్ళి ఒలీటా మంచం పక్కన కూర్చున్నాడు. వెంట వచ్చిన నేను బయటికి వెళ్ళబోతే ఒలీటా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిస్తోలు ఇచ్చేస్తానంటున్నావు. మరి నా సంగతి?" అంది.

"వెర్లన్ ప్రతి నెలా నాతో టౌనుకి వస్తానన్నాడు. సంచి ఆయన ఒళ్ళో ఉంటుంది."

"వాళ్ళ ట్రాయే కదా."

ఎస్టిల్ ఆమె వైపు చూశాడు. "నీకెవరు చెప్పారు?"

"అరచేతులు కడుక్కుంటుంటే నీ ముఖం చూశాను. తెలియనివాడైతే తిట్టేవాడివి."

"తెలిసే తీసుకోమన్నావా?"

"తెలిసే అన్నాను." ఆమె గొంతులో కోపం లేదు. "నొప్పి వచ్చినప్పుడు నాకు ట్రాయ్ గుర్తుండడు ఎస్టిల్. ఎవరూ గుర్తుండరు. నువ్వూ గుర్తుండవు."

 తర్వాత ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

"ఇచ్చెయ్. కానీ మళ్ళీ ఆ బిళ్ళలు పోతే మాత్రం, నా దగ్గర కూర్చుని ప్రార్థన చెయ్యకు. పక్క గదిలో చేసుకో."

టాల్మేజ్‌కి పిస్తోలు తిరిగి ఇచ్చినప్పుడు ఇంకా ఘోరం. అతను దాన్ని వసారా రెయిలింగ్ మీద పెట్టి, బావ ముఖంలోకి చూస్తూ అన్నాడు. "మా అక్క నొప్పితో నువ్వు పుణ్యం సంపాదించుకుంటున్నావు బావా."  నిజమేమోనని ఎస్టిల్‌కీ అనుమానం. టాల్మేజ్ ఆ రోజు వెళ్ళినవాడు ఎస్టిల్‌తో మాటలు మానేశాడు. అక్కని చూడటానికి వచ్చినా, బావ పొలం వైపు వెళ్ళేదాకా దారిలో బండిలోనే కూర్చునేవాడు.

వెర్లన్ మాట తప్పలేదు. టౌనుకి వెళ్ళే రోజున తెల్లారకముందే వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. ఆయన జేబు కూడా ఖాళీయేనని మాకు తర్వాత తెలిసింది. ఇద్దరు ముసలివాళ్ళు, పక్కపక్కన, ఒకరి ఒళ్ళో మందుల సంచి. ఒకసారి పల్లపు వంతెన మీద ట్రాయ్ కూర్చుని కనిపించాడట. వెర్లన్ సంచి మీద టోపీ పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎస్టిల్ బండి వేగం తగ్గించి, స్టీరింగ్ మీద నుంచి వేలు ఎత్తాడు. ట్రాయ్ లేవలేదు, పలకరించలేదు. బండి వెళ్ళేదాకా నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. అది సిగ్గో, నాన్న పక్కనున్నాడనో, ఒంట్లో ఓపిక లేకో మాకు తెలియదు. ఏమీ జరగలేదు. ప్రతి నెలా ఏమీ జరగకుండా ఉండటం కోసమే ఆ ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని బతికారు.

మొదటి మంచు పడ్డాక ఒలీటా పోయింది. నొప్పి తెలియకుండానే పోయింది. ఆఖరి రోజుల్లో ఎస్టిల్ మంచం పక్కన మోకరిస్తే వద్దనలేదు.

ట్రాయ్ ఫిబ్రవరిలో పోయాడు. పక్క జిల్లాలో, ఎవరిదో ట్రెయిలర్ ఇంట్లో, దుప్పటి కింద, ఆ బిళ్ళలే మోతాదు మించి. వాడిని ఎవరూ కాల్చలేదు. ఎవరూ ఆపనూ లేదు. కబురు వచ్చిన పొద్దున ఎస్టిల్ మా వంటింట్లో కూర్చుని కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు. "నా చేతిలో పోలేదు," అన్నాడు. అది ఓదార్పు కోసం అన్నాడా, ఇంకేదైనానా అని నాకర్థం కాలేదు. లేచి పార తీసుకుని బయల్దేరాడు.

మా వైపు గొయ్యి తవ్వడానికి మనుషుల్ని కుదుర్చుకోరు. ఇరుగుపొరుగు మగవాళ్ళే కొండ మీది కుటుంబపు సమాధుల దగ్గరికి వెళ్ళి చేత్తో తవ్వుతారు. చనిపోయినవాడి రక్తసంబంధీకులు మాత్రం పార పట్టకూడదు. ఆ రోజు సన్నటి వాన. బురద. మేం ఆడవాళ్ళం కాఫీ ఫ్లాస్కులు పట్టుకుని కొండెక్కేసరికి ఎస్టిల్ నడుము లోతు గోతిలో ఉన్నాడు. తవ్వడానికి వచ్చింది తక్కువమంది. ట్రాయ్ దొంగతనాలు చెయ్యని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ మరి.

కాసేపటికి టాల్మేజ్ వచ్చాడు. భుజాన గునపం. ఎవరినీ పలకరించకుండా ఒక పక్కన నిలబడ్డాడు.

తండ్రి అక్కడికి రాకూడదు. కానీ వెర్లన్ ఉండలేకపోయాడు. కర్ర పట్టుకుని, ఆగి ఆగి ఎక్కి, గోతి అంచుకి దూరంగా నిలబడ్డాడు. లోపలికి చూడటానికి ధైర్యం చాలలేదు.

"అడుగున నీళ్ళు ఊరుతున్నాయా ఎస్టిల్?" అని అడిగాడు.

"లేదన్నా," అన్నాడు ఎస్టిల్. "పొడిగానే ఉంది. నువ్వు వెళ్ళు, వదిన ఒక్కతే ఉంది."

వెర్లన్ తలూపాడు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని ఆయన్ని కొండ దింపారు. ఆయన మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఎస్టిల్ గోతిలో కదలకుండా నిలబడ్డాడు. ఎస్టిల్ బూట్లు చీలమండల దాకా నీళ్ళలో ఉన్నాయి.

టాల్మేజ్ గునపం కింద పెట్టాడు. వెళ్ళి పక్కనున్న బకెట్ తీసుకున్నాడు. అంచు దగ్గర కూర్చుని చెయ్యి కిందికి చాపాడు.

"పైకి రా బావా, నానిపోతున్నావు," అన్నాడు. "నేను తోడతాను."